అరువు తూకం

ఆ సందులో ఈక బరువు పెరిగిందంటే అందరికీ గుండె జారేది.

పిల్ల బరువు పెరిగితే ఏడ్చేవాళ్ళు ఎక్కడైనా ఉంటారా అని అడగొచ్చు. ఆ సందులో ఒక్క నెల కాపురం చేస్తే మళ్ళీ అడగరు. ఎదురుబొదురుగా రెండు వరసల గదులు. సందు మధ్య నిలబడి చేతులు చాస్తే రెండు పక్కల గోడలూ తగులుతాయి. నడుమ కాలవ. కాలవ మొదట్లో కుళాయి. ఆ నీళ్ళే తాగాలి, ఆ నీళ్ళతోనే వండాలి. కాచుకుని తాగండమ్మా అని చెప్పిపోయేవాళ్ళు ఉన్నారు గానీ, కాచడానికి గ్యాసు పోసిపోయేవాళ్ళు లేరు.

ఈకకి రెండున్నరేళ్ళు. అసలు పేరు కార్డు మీద ఉంది. ఎత్తుకున్న ప్రతివాళ్ళూ "ఏముందే దీంట్లో, ఈకలా ఉంది" అనడంతో సందులో అదే పేరు నిలిచిపోయింది. తల్లికి కూడా సొంత పేరు పోయి ఈక తల్లి అయింది. నాన్న లారీల మీద సరుకెత్తే మనిషి. వస్తే నాలుగు రోజులు, పోతే నెల.

నెలకొకసారి, మొదటి బుధవారం, సందు చివరి రేకుల హాల్లో పిల్లల్ని తూచేవాళ్ళు. దూలానికి ఒక కాటా వేలాడేది. దానికింద లాగులాంటి సంచి. అందులో పిల్లని కూర్చోబెట్టి వదిలితే ముల్లు కదులుతుంది. ముల్లు చెప్పిన అంకె కార్డులో చుక్క అవుతుంది. చుక్క ఎర్రగీత కింద పడితే రెండు కిలోల తీపిపిండి, అర లీటరు నూనె. గీత పైన పడితే "మీ పిల్ల బాగుందమ్మా" అని ఒక మంచిమాట. మంచిమాట పొయ్యి మీద పెడితే ఉడకదు.

అరువు అడిగింది మొదట కుట్టుమిషన్ వదిన. ఎనిమిది నెలల కిందటి సంగతి. ఆవిడ కూతురు గీత దాటింది, పొట్లం ఆగిపోయింది.

"ఒక్కసారి నీ పిల్లనియ్యవే. మా పిల్ల కార్డు మీద తూపించి తెచ్చేస్తా. అరిగిపోతుందా, కరిగిపోతుందా? సగం పిండి నీకే."

జల్లెడ అరువిచ్చినట్టు ఇచ్చింది ఈక తల్లి. సగం పిండి అంటే ఈకకే కదా అనుకుంది. అందులో అబద్ధం లేదు కూడా. తర్వాత నెల మూల గదిలో చీపుళ్ళు కట్టే ఆవిడ అడిగింది. ఆ పై నెల పిల్లలత్త అడిగింది. ఒక్క ఈక నాలుగు కార్డుల మీద నాలుగుసార్లు తూగేది. పని నేర్చుకునే కొత్త అమ్మాయి ఒకతె నెలనెలా తూచడానికి వచ్చేది. వంద మంది పిల్లల ఏడుపుల మధ్య ఏ మొహం ఎవరిదో ఆ అమ్మాయికేం తెలుసు? అయినా జాగ్రత్తకని కుట్టుమిషన్ వదిన మిగిలిన గుడ్డముక్కలతో మూడు రంగుల టోపీలు కుట్టింది.

పిల్లలత్తకి మాత్రం కాదనడం ఈక తల్లి వల్ల కాదు. పనికి పోయే అమ్మల పిల్లలు ఈకతో కలిపి నలుగురు, ఆవిడ కూతురి కొడుకు ఒకడు, మొత్తం ఐదుగురు పొద్దస్తమానం ఆవిడ గదిలోనే ఉంటారు. కూతురు ఎవరింట్లోనో ఉండి పనిచేస్తుంది, పండక్కో పబ్బానికో వస్తుంది. ఈకని చూసినందుకు పిల్లలత్త పైసా తీసుకోదు. ఆ కార్డు తూకమే ఆవిడ జీతం. వచ్చిన పొట్లాన్ని కూడా ఒక్కతే దాచుకునే మనిషి కాదు. పెద్ద గిన్నెడు నీళ్ళలో కలిపి ఐదుగురికీ పోసేది. "అత్త జావలో పిండి కనపడాలంటే టార్చిలైటు వెయ్యాలి" అని కుట్టుమిషన్ వదిన ఎగతాళి చేసేది. "నీ కుట్టులో దారం కనపడితే అప్పుడు చెప్పు" అని అత్త ఎదురంటించేది.

ఆ మనవడికి మూడేళ్ళు. బుగ్గలు ఉబ్బి, కాళ్ళు బొద్దుగా ఉండడంతో వాణ్ణి బస్తా అనేవాళ్ళు. పేరుకి తగ్గట్టే పెట్టిన చోట కూర్చునేవాడు. "నా మనవడు బంగారం. ఏడవడు, అడగడు, ఆటకి పోడు. నీ పిల్లతో సగం చాకిరీ, వీడితో ఏమీ లేదు" అనేది అత్త.

పోయిన నెల ఈక గీత దాటింది.

ఎండలు ముదిరి కాలవ ఎండింది. దాంతో ఈకని ఎప్పుడూ వదలని విరేచనాలు తగ్గాయి. తిన్నది ఒంటపట్టింది. గోడ పట్టుకుని మూడడుగులు, నాలుగడుగులు వేసింది. "అమ్మ" అంది. "తే" అంది. తూకం రోజున సంచిలో కూర్చోబెడితే ముల్లు తొమ్మిది దాటి వంద గ్రాముల గీత మీద ఆగింది. నాలుగు కార్డులు, నాలుగు చుక్కలు, నాలుగూ పైనే. నాలుగు పొట్లాలు పోయాయి.

ఆ సాయంత్రం సందులో చావు జరిగినంత నిశ్శబ్దం. ఎవరూ ఈక తల్లిని ఒక్క మాటనలేదు. అనకపోవడమే పెద్ద మాట. కానీ ఆమెని పట్టి పీడించింది అది కాదు. ముల్లు తొమ్మిది దాటినప్పుడు ఆమె మొహం వాడిపోయింది. కన్నతల్లి మొహం. సంచిలో ఊగుతూ ఈక ఆ మొహాన్నే చూసింది. అప్పటిదాకా నవ్వుతున్న పిల్ల నవ్వు ఆపేసింది. పళ్ళు తోముకుంటున్నా, అన్నం వారుస్తున్నా, నడుస్తున్నా ఆ చూపే ఆమె వెనకాల వచ్చేది. తిరిగి చూస్తే పిల్ల నిద్రలో ఉండేది.

ఈ నెల తూకానికి నాలుగు రోజులుందనగా పిల్లలత్త గుమ్మంలో కూర్చుని, ఎటో చూస్తూ అంది.

"ముందు రెండ్రోజులు గట్టి తిండి పెట్టకే. జావ పోస్తే చాలు. తూకం అయ్యాక కడుపు పగిలేలా పెడుదువు. రెండ్రోజులకే చచ్చిపోరు పిల్లలు."

ఈక తల్లి ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు. ఆదివారం మాత్రం అన్నం గిన్నె పిల్ల కంటపడకుండా మంచం కిందకి తోసింది. ఈక "తే" అంది. జావ ఇచ్చింది. "తే" అంది మళ్ళీ. నీళ్ళిచ్చింది. సోమవారం పొద్దున విరేచనాలు పట్టుకున్నాయి. ఇక అన్నం ముందుపెట్టినా పిల్ల నోరు తెరవలేదు. మంగళవారానికి కాళ్ళ మీద నిలబడలేదు. "తే" అనడం మానేసింది. "అమ్మ" అనడం కూడా. కళ్ళు మాత్రం పెద్దవై, రేకుల వైపు చూస్తూ పడుకుంది.

బుధవారం తూచడానికి కొత్త అమ్మాయి రాలేదు. కళ్ళజోడు పెట్టుకున్న ఒక సిస్టర్ వచ్చింది. నిదానంగా రాసే మనిషి. ముల్లు ఎనిమిది కిలోల రెండు వందల దగ్గర ఆగింది. నెలలో తొమ్మిది వందల గ్రాములు దిగిపోయింది. ఎర్ర టోపీలో ఒకసారి, పచ్చ టోపీలో ఒకసారి, టోపీ లేకుండా తన సొంత కార్డు మీద ఒకసారి. నాలుగోసారి నీలం టోపీ పెట్టి పిల్లలత్త ఎత్తుకుపోయింది. సిస్టర్ చుక్క పెట్టబోయి ఆగింది. పక్కన పెట్టిన మూడు కార్డులు తీసి, నాలుగోదాంతో కలిపి బల్ల మీద వరసగా పరిచింది. నాలుగు గీతలు. ఎక్కిన చోట ఎక్కాయి, దిగిన చోట దిగాయి, అచ్చు పోసినట్టు.

"నలుగురు పిల్లలు ఒకే నెలలో తొమ్మిదేసి వందల గ్రాములు తగ్గారా అమ్మా?"

"ఒకే సందు కదండీ, ఒకే కుళాయి" అంది పిల్లలత్త, తడుముకోకుండా.

సిస్టర్ పిల్ల వైపు కాక కార్డుల వైపే చూస్తోంది. "ఇలా తగ్గితే మా చేతిలో ఉండదు. రేపు పదింటికి డాక్టరమ్మ వస్తున్నారు. ఆస్పత్రిలో పిల్లల వార్డుకి ఎవర్ని పంపాలో చూసుకుంటారు. పడక ఉంటే అక్కడే ఉంచి, పాలు, మందు ఇచ్చి నిలబెడతారు. నలుగురినీ తీసుకురండి. ఒకేసారి."

అందరూ కుట్టుమిషన్ గదిలో చేరారు. తేలు కుట్టిన దొంగల్లా గొంతు పైకెత్తకుండా మాట్లాడుకున్నారు.

"ఇందులో బుర్ర బద్దలు కొట్టుకునేదేం లేదు" అంది పిల్లలత్త. "మన ముగ్గురి పిల్లల్నీ చూపిద్దాం. బాగానే ఉన్నారుగా? సిస్టర్ తప్పు రాసుకుంది అంటారు, సరిచేసుకుంటారు. పిండి పోతే ఒక నెల పోతుంది."

"ఈకో?" అంది కుట్టుమిషన్ వదిన.

"ఈక ఊళ్ళో లేదు. నాన్న దగ్గరికి పోయింది."

ఈక తల్లి ఒళ్ళో పిల్లని సర్దుకుంది. "అత్తా, డాక్టరు వచ్చేది రేపొక్కరోజే కదా. దీన్ని చూపించాలి."

"చూపిద్దువు, ఎవరొద్దన్నారు? వచ్చే నెల చూపిద్దువు."

"వచ్చే నెలకి..." అని ఆగిపోయింది. ఆ మాట పూర్తిచేస్తే నిజమవుతుందని భయం.

"దీన్ని ఆ ముగ్గురి పక్కన నిలబెట్టావంటే గుడ్డివాడికైనా తెలిసిపోతుందే! నాలుగు కార్డులూ చింపి మొహాన కొడతారు. పైగా దొంగలంటారు. అప్పుడు నువ్వు పనికి పోతే నీ పిల్లని చూసేదెవరు? నేనైతే కాదు, ముందే చెప్తున్నా."

చీపుళ్ళావిడ నేల చూపులు చూసింది. కుట్టుమిషన్ వదిన దారం కొరికి, "అత్త చెప్పిందీ నిజమే, ఈక తల్లి చెప్పిందీ నిజమే" అంది.

"నీ నాలుక ఏ వైపు తిప్పితే ఆ వైపు కుడుతుందే నీ మిషను" అంది పిల్లలత్త. ఎవరూ నవ్వలేదు.

మధ్యాహ్నం ఈక తల్లి లాండ్రీకి పోయింది. ఆస్పత్రి దుప్పట్లు ఉతికి మడతపెట్టే లాండ్రీ అది. ఆవిరి కమ్మిన పెద్ద షెడ్డు. ఒక్కో దుప్పటికి ఇద్దరు మనుషులు. చెరో కొసా పట్టుకుని లాగాలి, కలవాలి, మళ్ళీ విడిపోవాలి. ఆ చివర జంటమనిషి ఈమె కంటే పదేళ్ళు పెద్దది. పదకొండేళ్ళుగా ఇదే పని.

పెద్ద దుప్పట్లు అయ్యాక చిన్నవి వచ్చాయి. పిల్లల వార్డువి. రోజూ పన్నెండు వస్తాయి. పన్నెండు పడకలు. మడతపెట్టి ఎత్తుతుంటే ఒకటి తక్కువైంది. గుట్ట విప్పి మళ్ళీ లెక్కపెట్టింది. పదకొండు.

"అక్కా, ఒకటి తక్కువుంది."

"ఒక పడక ఖాళీ అయ్యుంటుంది" అంది జంటమనిషి.

"ఇంటికి పోయిందేమో ఆ పిల్ల."

"ఇంటికే పోయుంటుందిలే" అంది ఆవిడ. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా తర్వాతి దుప్పటి కొసలు అందుకున్నారు.

ఒక పడక ఖాళీగా ఉంది. ఎలా ఖాళీ అయిందో ఆమె ఆలోచించదలుచుకోలేదు. ఆలోచించకూడదనుకున్నకొద్దీ ఆ ఖాళీ పడక షెడ్డులోకి వచ్చి, ఆవిరి మధ్య నిలబడి, ఎవర్ని తెస్తావు అని అడుగుతున్నట్టే ఉంది. ఎప్పుడు పని ముగిసిందో, ఎలా ఇల్లు చేరిందో ఆమెకి తెలీదు. పిల్లలత్త ఈకని చేతికిస్తూ, "రేపు పొద్దున్నే దీన్ని తీసుకుని బస్సెక్కు" అంది. ఈక తల్లి తల ఊపింది.

మర్నాడు బస్సెక్కలేదు. పదింటికి పిల్లని చంకనేసుకుని రేకుల హాలుకి పోయింది.

ముగ్గురూ అప్పటికే బల్ల మీద పిల్లల్ని పెట్టుకుని కూర్చున్నారు. తల దువ్వి, మొహాలు కడిగి తెచ్చారు. పిల్లలత్త కళ్ళు నిప్పులు కురిశాయి. డాక్టరమ్మ కాటా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. పక్కన సిస్టర్. కార్డులకి పేర్ల బదులు నంబర్లు పిలుస్తారు అక్కడ.

"పదిహేడు" అంది సిస్టర్.

కుట్టుమిషన్ వదిన కూతుర్ని తీసుకుని లేచింది. అదే క్షణంలో, తల్లి భుజం మీద వాలిపోయి ఉన్న ఈక తల ఎత్తింది. రెండు చేతులూ పైకి చాచింది, సంచిలో పెట్టమన్నట్టు.

తల్లి ఆ చేతులు పట్టి కిందకి దించింది.

"ఇరవై మూడు."

చీపుళ్ళావిడ కొడుకు. ఈక మళ్ళీ చేతులెత్తింది. మంగళవారం నుంచి చెయ్యి కదపని పిల్ల. ఇవ్వమనడం మర్చిపోయింది, అమ్మ అనడం మర్చిపోయింది. ఇది మాత్రం గుర్తుంది. ఇక్కడ ఏ నంబరు పిలిచినా అది తనే.

"ముప్పై ఒకటి."

పిల్లలత్త బస్తాని ఎత్తుకుని నిలబడింది. ఈక చేతులు లేచాయి. పైకి లేచి, బలం లేక వణుకుతున్నాయి, అయినా దించడంలేదు. సిస్టర్ కలం కింద పెట్టి కళ్ళజోడు తీసింది. ఈక తల్లి ఒకడుగు ముందుకేసింది.

"ఆ నంబర్లన్నీ మా పిల్లేనండి" అంది. "ఎనిమిది నెలల్నుంచి. నాలుగూ ఇదే. మొన్న తిండి కూడా ఆపాను తూకం కోసం. నేనే ఆపాను. నన్నేమైనా అనండి, దీనికి మాత్రం ఆ పడక ఇవ్వండి."

"నీ నోట్లో మన్ను పడ! కొంప ముంచావు కదే!" అంది పిల్లలత్త.

డాక్టరమ్మ లేచి వచ్చి ఈక చేతుల్ని నెమ్మదిగా దించి, రెప్ప లాగి చూసింది, పొట్ట మీద చర్మం పట్టి వదిలింది. తర్వాత మిగతా ముగ్గురి వైపు తిరిగింది. "అంటే ఎనిమిది నెలలుగా వీళ్ళని ఎవరూ తూచలేదన్నమాట."

ఒక్కొక్క పిల్లనీ చూసుకుంటూ కదిలింది.

బస్తా దగ్గర ఆగింది. వాడి జుట్టులోకి వేలు పోనిచ్చింది. నాలుగు వెంట్రుకలు వేలితో వచ్చేశాయి, రాగి రంగువి. వాడు తల కూడా తిప్పలేదు. డాక్టరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని వాడి పాదం చేతిలోకి తీసుకుంది. పాదం పైన బొటనవేలు పెట్టి నొక్కింది. ఒకటి, రెండు, మూడు అని పెదాలతో లెక్కపెట్టి వేలు తీసింది.

వేలు తీసినా గుంట అలాగే ఉంది. మైనం ముద్ద మీద వేలు పెట్టి తీసినట్టు. రెండో పాదం నొక్కింది. రెండో గుంట.

"ఈ బాబు లావు కాదమ్మా. ఇది కండ కాదు, నీరు. లోపల ఏమీ లేక నీరు పట్టింది."

"బస్తా అండీ వాడు" అంది పిల్లలత్త అర్థం కానట్టు. "ఏడవనే ఏడవడు. బంగారం."

"ఏడవడానికి ఓపిక లేక."

పిల్లలత్త మనవడి పాదాల వైపు చూసింది. రెండు గుంటలు ఇంకా పూడలేదు. ఆవిడ తన కొంగుతో వాటిని తుడిచింది, తుడిస్తే పోతాయేమోనన్నట్టు.

డాక్టరమ్మ, సిస్టర్ పక్కకి పోయి మాట్లాడుకున్నారు. తిరిగి వచ్చి డాక్టరమ్మ ఈక తల్లి ముందు నిలబడింది.

"పడక ఒక్కటే ఉంది. ఇద్దరికీ కావాలి. ఈ బాబుకి ఈ రోజే కావాలి. నీ పాపకి మందు, పాలపొడి ఇస్తాను. ఎలా కలపాలో సిస్టర్ చూపిస్తుంది, కాచిన నీళ్ళతోనే. రోజూ పొద్దున ఇక్కడికి తీసుకురా, సిస్టర్ ముందు తాగించు. తాగకపోయినా, పిలిస్తే పలక్కపోయినా ఆగొద్దు, పరిగెత్తుకుని ఆస్పత్రికి వచ్చెయ్. పడక ఖాళీ అవగానే కబురు చేస్తాను."

ఈక తల్లి తల ఊపింది. నోరు దాటని మాట ఒకటి లోపలే తిరిగింది. ఆ పడక మాది. నిన్న దుప్పట్లు లెక్కపెట్టింది నేను. నిజం చెప్పింది నేను. చెప్పకుండా ఉండుంటే ఆ వేలు ఆ పాదం మీద పడేది కాదు, పడక ఈకకే వచ్చేది. మూడేళ్ళ పసివాడి మీద తనకి పుట్టిన ఆ కోపాన్ని ఆమె తేరిపారా చూసింది. సిగ్గేసింది. సిగ్గేసినా కోపం పోలేదు.

"మాట వస్తుందా అండీ దీనికి మళ్ళీ?" అని అడిగింది.

"బరువు వస్తుంది" అంది డాక్టరమ్మ. "నడక వస్తుంది. మాట కూడా రావాలి. కాస్త వెనకబడుతుందేమో, దాంతో మాట్లాడుతూ ఉండు. పేరు పెట్టి పిలు."

పిల్లలత్త బస్తాని ఎత్తుకుని ఆటో దగ్గరికి పోతూ, గుమ్మంలో ఈక తల్లి పక్కన ఆగింది. తిడుతుందనుకుంది ఈమె. ఆవిడ తిట్టలేదు.

"రోజూ నూనె రాసి స్నానం చేయించేది ఈ చేతుల్తోనేనే" అంది. "ఈ పాదాలు రోజూ తోమాను."

గది తాళంచెవి ఈక తల్లి చేతిలో పెట్టింది. "లోపల ముగ్గురున్నారు. జావ పొయ్యి మీదే ఉంది. చిక్కగా పొయ్యి." అని వెళ్ళిపోయింది.

ఆ రోజు ఈక తల్లి లాండ్రీకి పోలేదు. కాచి చల్లార్చిన నీళ్ళలో పాలు కలిపి, చెంచాతో పెదాల మధ్య పోసింది. సగం కారిపోయింది. సగం దిగింది. కార్డు మీద చూసి చదువుకుని, పిల్ల అసలు పేరు పెట్టి పిలిచింది. ఆ పేరు సందులో ఎవరిదో అన్నట్టు ఈక కళ్ళు కదల్లేదు. మళ్ళీ పిలిచింది.

పిల్లలత్త గదిలోని ముగ్గురినీ గుమ్మంలో వరసగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరి పాదం మీదా బొటనవేలు పెట్టి నొక్కింది. ముగ్గురికీ వేలు తియ్యగానే చర్మం పైకి లేచింది. ఈక పాదం నొక్కింది. అక్కడ నొక్కడానికి ఎముక తప్ప ఏమీ తగల్లేదు. అయినా రెండోసారి నొక్కి చూసింది.

తలెత్తి చూస్తే ఎదుటి గుమ్మంలో కుట్టుమిషన్ వదిన కూతురి కాలు ఒళ్ళో పెట్టుకుని ఉంది. ఆ పక్క చీపుళ్ళావిడ. ఆ పైన కార్డులతో సంబంధమే లేని ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు. సందు పొడవునా, మిట్టమధ్యాహ్నం, ఒక్కరూ మాట్లాడకుండా, పెదాలు మాత్రం కదుపుతూ.

"లేచిందా వదినా?" అని అడిగింది ఈక తల్లి.

"లేచింది."

"ఇంకో కాలు చూడు."